ఐసు కొట్టు ముందు మిక్సీల గోడ

ఈ దీవుల్లో నా మొహం కంటే నా గొంతు ఎక్కువమందికి తెలుసు. పోర్ట్ బ్లెయిర్ రేవులో ఓడ టిక్కెట్ల కౌంటర్ పక్కన ఒక చిన్న గది ఉండేది. గదిలో మైకు, మైకు ముందు నేను. "ప్రయాణికులకు మనవి" అని మొదలుపెట్టి హిందీలో, తెలుగులో, వచ్చీరాని బెంగాలీలో, అస్సలు రాని తమిళంలో ఓడ ఆలస్యమని చెప్పడం నా ఉద్యోగం. ఓడ వేళకొస్తే నాతో ఎవరికీ పని లేదు. అందుకని పద్నాలుగేళ్ల సర్వీసులో నేను ఒక్క శుభవార్త కూడా చెప్పిన పాపాన పోలేదు. జనం నన్ను జహాజు బాబు అనేవారు. బజార్లో ఎదురుపడితే నమస్కారానికి బదులు "ఎన్రోజులు?" అని అడిగేవారు.

ఈ రాత ఆ ఉద్యోగం గురించి కాదు, సాయంత్రాలు చేసిన రెండో పని గురించి. మా సంఘానికి పేరు పెద్దది: వినియోగదారుల, చలనచిత్రాభిమానుల, పౌరహక్కుల సంఘం. బ్యానరు గుడ్డ చాలక చివరి మాటను వెనక్కి మడిచి కట్టేవాళ్లం. అలా చాలా ఏళ్లు పౌరహక్కులు మడతలోనే ఉండిపోయాయి. సభ్యులం పదకొండుమందిమి. మీటింగుకి ఐదుగురం వచ్చేవాళ్లం. టీలు మాత్రం పదకొండూ అయిపోయేవి.

ఇప్పుడు అదే సంఘంలో కొత్తగా చేరిన మీరు మొన్న డిగ్నాబాద్‌లో మా ఇంటికొచ్చి, "అంకుల్, మాకు ఏదైనా రాసివ్వండి" అన్నారు. అర్జీ ఎలా రాయాలో, ఏ ఆఫీసులో ఏ కిటికీ దగ్గర నిలబడాలో మీ చేతిలో ఫోను చెబుతుంది. నేను చేసిన తప్పులు దానికి తెలియవు, అందుకని రాస్తున్నాను. ప్రమోషన్ల ఊసెత్తను, ఒక్కటీ రాలేదు కనుక.

అట్టపెట్టెలు

ఈ దీవుల్లో ఉప్పు నుంచి ఊదుబత్తి దాకా ఓడెక్కి రావాల్సిందే. ఓడొచ్చిన రోజు బజారు తిరనాళ్లలా ఉండేది. ముందు కొనెయ్యాలి, అవసరమో కాదో ఓడ వెళ్లాక తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. టీవీలు కొత్తగా వస్తున్న రోజులు అవి. కొన్నవాళ్లు టీవీని బల్లమీద పెట్టి, ఖాళీ అట్టపెట్టెను వీధిలోకి కనబడేలా అటకమీద పెట్టేవారు. నాకు అప్పట్లో వస్తు వ్యామోహం మీద రెండు మూడు కరపత్రాలు చదివిన జ్ఞానం ఉంది. జ్ఞానం కొత్తది, గొంతు పాతది. రెండూ కలిస్తే ఊరికే ఉంటాయా? వాడవాడకీ తిరిగి ఉపన్యాసాలిచ్చేవాణ్ణి.

బతు బస్తీలో మావాళ్లు కొందరు ఉండేవారు. వాళ్ల పెద్దలు శ్రీకాకుళం ఒడ్డు నుంచి వచ్చారు, మా నాన్న లాగే. వాళ్లు వేట పట్టుకున్నారు, మా నాన్న కలం పట్టుకున్నాడు. అందులో అప్పలరాజు అని ఒకడు. సొంత పడవ. నా ఈడువాడే. ఒక ఆదివారం సాయంత్రం వాళ్లింటికెళ్లాను. ఒకటే గది. ఆ గదికీ వంటకీ మధ్య గోడ లేదు, అట్టపెట్టెలే గోడ. చూస్తే మూడు మిక్సీలు, రెండు టేబుల్ ఫ్యాన్లు, ఒక ఇస్త్రీ పెట్టె. ఏ ఒక్కటీ విప్పలేదు. పైపెట్టె మీద కోడిపెట్ట పొదుగుతోంది.

నాకు పూనకం వచ్చేసింది. మనిషి వస్తువుకి యజమానా, వస్తువు మనిషికి యజమానా అని మొదలుపెట్టి పావుగంట చెప్పాను. అప్పలరాజు వల బాగుచేసుకుంటూ విన్నాడు. వాళ్లావిడ నరసమ్మ ఎండుచేపలు ఏరుకుంటూ వింది. నేను ఊపిరి తీసుకోడానికి ఆగినప్పుడు ఆవిడ అడిగింది:

"అయిపోనాదా బాబూ?"

"అయింది."

"మీ ఇంట్లో మిక్సీ ఉన్నాదేటి?"

"ఉంది. అంటే, మా ఆవిడకి నడుంనొప్పి..."

"తిరుగుతాదా?"

"బ్రహ్మాండంగా తిరుగుతుంది."

"మా ఇంట్లో మూడున్నాయి. ఒక్కటీ తిరగలేదు. రోట్లోనే రుబ్బుకుంటన్నాను. మరి ఎవరికి మోజు బాబూ, మాకా మీకా?"

అప్పలరాజు వల పక్కనపెట్టి నవ్వాడు. "ఊరుకోయే, జహాజు బాబుకి ఏటి తెలుసు పాపం. భయ్యా, మేం మిక్సీ కోసం మిక్సీ కొన్లేదు. ఐసు కోసం కొన్నాం."

అప్పుడు తెలిసింది సంగతి. రెండుమూడు రోజుల వేటకి పోవాలంటే పడవలో ఐసు ఉండాలి. ఐసు లేకపోతే పట్టిన చేప ఒడ్డుకొచ్చేసరికి పిల్లి కూడా ముట్టదు. జెట్టీ దగ్గర ఐసు కొట్టు ఒక్కటే. ఆ షావుకారుకే బజార్లో మిక్సీలు, ఫ్యాన్లు అమ్మే షోరూమూ ఉంది. షోరూములో ఏదో ఒకటి తీసుకున్నవాడికి తెల్లారగట్ల ముందు ఐసు. తీసుకోనివాడికి అందరి తర్వాత, మిగిలితే. కొనమని నోరువిప్పి ఎవరూ అనరు. "నిన్ను షాపులో చూడ్లేదే ఈమధ్య" అంటాడట షావుకారు, అంతే. వేటకి పోవడం మానలేరు కనుక వీళ్లు ఏదో ఒక పెట్టె తెచ్చి పడేసుకుంటారు.

"ఒకరోజు ఈ పెట్టెలన్నీ పట్టుకెళ్లి ఆడి ఐసు కొట్టు గుమ్మానికే గోడ కట్టీవాలి భయ్యా. ఐసు ఎలా తీస్తాడో చూద్దుం," అన్నాడు అప్పలరాజు. ముగ్గురం నవ్వుకున్నాం. కోడిపెట్ట మాత్రం నవ్వలేదు.

వినియోగదారుడంటే వినే యోగం లేనివాడని మీటింగుల్లో జోకు వేసేవాణ్ణి. ఆ రోజు నుంచి మానేశాను. ఒకరింట్లో సామాను చూసి వాళ్ల మనసులో ఏముందో చెప్పగలననుకోవడం ఉంది చూశారూ, దానికంటే పెద్ద వ్యామోహం నేను ఎక్కడా చూడలేదు. మిక్సీకైనా గ్యారంటీ ఉంటుంది, దానికి అదీ లేదు.

తెర పక్క మాట

మా ప్రెసిడెంటు ఇమ్మానుయేలు మాస్టారు. రిటైరైన హెడ్మాస్టరు, ఆదివారం తెలుగు ప్రార్థనలో వాక్యం చదివే మనిషి. ఒక్క కామా తప్పిపోయినా ఊరుకోడు. ఐసు సంగతి ఆయనకి చెబితే అర్జీ పెట్టించాడు. ఆర్నెల్లకి జవాబొచ్చింది: ఐసుకి రసీదులు జతచేయండి. షావుకారు మిక్సీకి రసీదిస్తాడు గానీ ఐసుకి ఇవ్వడు. కావాలంటే మిక్సీ రసీదులు ఎన్నైనా జతచెయ్యొచ్చు. అవి జతచేస్తే ఇష్టపడి కొన్నారనే రుజువవుతుంది.

అర్జీతో కానిది సినిమాతో అవుతుందని నాకు తోచింది. మేం అప్పుడప్పుడు రాజకీయ చిత్రాలు వేసేవాళ్లం. అవతలి గట్టు నుంచి, అంటే సముద్రానికి అటువైపున్న దేశం నుంచి, ఫిల్ము డబ్బాలు ఓడలో వచ్చేవి, మళ్లీ అదే ఓడలో పంపెయ్యాలి. ఓడ రేవులో ఉన్న రెండుమూడు రోజులే మాకు దొరికే గడువు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఓడ ఆలస్యమైతే సంతోషించినవాణ్ణి నేనే. రెండు దుప్పట్లు కలిపి కుట్టిన తెర, అరువు ప్రొజెక్టరు. ఇక్కడ ఐదున్నరకే చీకటి పడుతుంది కనుక ఆరింటికే ఆట మొదలెట్టి, జనం అన్నాలవేళకి ఇంటికి చేరేలా చూసేవాళ్లం.

ఆ సినిమాలన్నీ మనవాళ్లకి రాని భాషల్లో ఉండేవి. అందుకని నేను తెర పక్కన ఎత్తు పీట వేసుకుని, మైకు పట్టుకుని, జరుగుతున్నది తెలుగులో చెబుతుండేవాణ్ణి. మొదట్లో వాళ్లన్నది అన్నట్టే చెప్పేవాణ్ణి. తర్వాత జనం నవ్వుతుంటే ఒక మాట కలిపాను. ఇంకొంచెం నవ్వితే ఇంకో నాలుగు కలిపాను. మైకు పట్టుకుంటే ఒక మైకం కమ్ముతుంది. రేవులో నేను నోరెత్తితే తిట్టుకునే జనం ఇక్కడ చప్పట్లు కొడుతున్నారు. ఆ ఇంపు తెలిసినవాడు ఆగడు.

అప్పలరాజు ఇంటి ముందు వలలు ఆరేసుకునే జాగాలో ఒక సినిమా వేశాం. ఉప్పుమళ్లలో పనిచేసేవాళ్ల కథ. ఆ ఊళ్లో ఒకటే మంచినీళ్ల బావి, అది కామందుది. బావి తెరమీదికి రాగానే నేను కథ వదిలేశాను.

"ఈయన దగ్గర నీళ్లున్నాయి. మన జెట్టీలో ఒకాయన దగ్గర ఐసు ఉంది. మిక్సీ కొంటేగాని ఐసు చెయ్యి దాటదు. ఆ మిక్సీలన్నీ పట్టుకెళ్లి ఆయన గుమ్మానికే గోడ కడితే? ఐసెలా తీస్తాడో చూద్దాం!"

వాడ వాడంతా ఈలలు. తెరమీద కామందు ఏదో చాలా ముఖ్యమైన మాట అంటున్నాడు, అదేమిటో ఈరోజుకీ నాకు తెలియదు.

సినిమా చూస్తే జనం తిరగబడతారని మేం నమ్మేవాళ్లం. పోలీసులు ఇంకా గట్టిగా నమ్మేవారు. సినిమా చూసినవాళ్లు మాత్రం ఎప్పుడూ నమ్మలేదు. వాళ్లకి అందులోని సంగతి ముందే తెలుసు. మేం చేసిందల్లా పనీపాటా ఆపి అందర్నీ ఒకచోట కూర్చోబెట్టడమే. అది చిన్న పని కాదు. అంతకుమించి చేశామని చెప్పుకుంటే మాత్రం బడాయి.

కాగితం మీద పేరు

ఇక్కడ మా సంఘం పద్ధతి ఒకటి చెప్పాలి, ఈ రాతంతా దానికోసమే. మైకు పెట్టాలంటే పోలీసు స్టేషన్‌లో పర్మిషన్ తీసుకోవాలి. ఆ అర్జీ మీద మేం ఎప్పుడూ మా పేర్లు పెట్టుకునేవాళ్లం కాదు. ఏ వాడలో ఆట ఉంటే ఆ వాడ మనిషి పేరు నిర్వాహకుడుగా రాసి సంతకం పెట్టించేవాళ్లం. ఇది ప్రజల కార్యక్రమం, ప్రజల పేరు మీదే ఉండాలి అని మా సిద్ధాంతం. ఆ సిద్ధాంతం ప్రతిపాదించింది నేనే. నేను సర్కారు ఉద్యోగిని. ఇలాంటి కాగితాల మీద నా పేరు కనబడితే ఉద్యోగం ఊడుతుంది. సిద్ధాంతమూ భయమూ ఒకే చొక్కా తొడుక్కుని వస్తే గుర్తుపట్టడం కష్టం. నాకు పదేళ్లు పట్టింది.

ఆ అర్జీ మీద నిర్వాహకుడు అప్పలరాజు.

మర్నాడు పొద్దున్నే వాడ జనం అట్టపెట్టెలు నెత్తిన పెట్టుకుని జెట్టీకి నడిచారు. ముందు నరసమ్మ, కోడిపెట్టను మరో చోటికి మార్చి మరీ వచ్చింది. ఐసు కొట్టు తలుపుకి అడ్డంగా ఒకదానిమీద ఒకటి పేర్చారు. మనిషెత్తు దాటింది గోడ. ఎవరూ రాయి విసరలేదు, తిట్టలేదు. పేర్చి, ఎదురుగా కూర్చున్నారు. లోపల పనివాళ్లు లేక, తలుపు తెరిచే దారిలేక ఐసు కరిగి గుమ్మం కిందనుంచి నీళ్లు కారాయి.

షావుకారు స్టేషన్‌కి వెళ్లాడు. ముందురోజు ఆటకి ఒక తెలుగు కానిస్టేబుల్‌ను పంపించారు, ఏం మాట్లాడతారో రాసుకురమ్మని. అతను రాసుకెళ్లాడు: నిర్వాహకుడు మైకులో జనాన్ని రెచ్చగొట్టాడు. నిర్వాహకుడెవరో కాగితం చూస్తే తెలిసిపోతుంది కదా. మధ్యాహ్నానికల్లా అప్పలరాజును తీసుకెళ్లారు. కేసు సంగతి తేలేదాకా అని పడవ కాగితాలు కూడా పట్టుకెళ్లారు. వానలు వెళ్లి సముద్రం కుదుటపడిన వారం అది. ప్రతి పడవా బయల్దేరుతోంది. కాగితాలు లేని పడవ ఒడ్డున ఉండాల్సిందే.

తీర్మానం

ఆ మధ్యాహ్నమే మాస్టారింట్లో అత్యవసర సమావేశం పెట్టాం. అప్పలరాజు అరెస్టును "ఖండిస్తున్నాం" అనాలా "తీవ్రంగా ఖండిస్తున్నాం" అనాలా అన్నదానిమీద గంటన్నర వాదించుకున్నాం. నేను తీవ్రవాదిని. మైకులో ఎవరు మాట్లాడారన్న విషయం మాత్రం ఎవరూ ఎత్తలేదు. అందరికీ తెలుసు. ఊరంతటికీ తెలుసు, ఆ గొంతు రోజూ రేవులో వింటున్నదే కదా. ఆ కానిస్టేబుల్‌కి కూడా తెలుసు.

ఇంతలో నరసమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. మాస్టారు లోపలికి రమ్మన్నా రాలేదు.

"బాబూ, ఆ కాగితంలో మా ఆయన పేరెందుకు రాసినారు?"

నేను గొంతు సవరించుకున్నాను. "ఇది ప్రజల కార్యక్రమం కదా నరసమ్మా. అందుకని ప్రజల పేరు మీద..."

"మరైతే మైకెందుకు మీరట్టుకున్నారు?"

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని నావైపు చూశాడు.

"సూరీ, తీర్మానం సంగతి నేను చూసుకుంటాను గానీ, నువ్వు చెప్పులేసుకో."

"వెళితే ఉద్యోగం..."

"తెలుసురా. అందుకే పొమ్మనలేదు. చెప్పులేసుకోమన్నాను."

ఆయన కామా ఎక్కడ పెట్టాలో తెలిసిన మనిషని చెప్పాను కదా. చెప్పులేసుకున్నాక ఎటు వెళతానన్నది నాకే వదిలేశాడు. మాకు దొరికిన పెద్దల్లో అంత మర్యాదగా తోసినవాళ్లు మరొకరు లేరు.

మా ఊళ్లో పాత జైలు చూడ్డానికి దేశం నలుమూలల నుంచీ ఓడలెక్కి వస్తారు. గోడలు తడుముతారు, కళ్లు తుడుచుకుంటారు. ఆ జైలు మీద నేనూ ఎన్నో సభల్లో మాట్లాడాను. లాకప్పులో ఉన్న మనిషి దగ్గరకి నడిచి వెళ్లడం మాత్రం నాకు అదే మొదలు. వెనక నరసమ్మ నడుస్తోంది.

స్టేషన్

ఆఫీసరు అవతలి గట్టు నుంచి బదిలీ మీద వచ్చినవాడు. అతనితో మాటలు హిందీలోనే సాగాయి. మైకులో మాట్లాడింది నేను, అప్పలరాజు కాదు అని ఒక్క గుక్కలో చెప్పేశాను.

అతను తలెత్తాడు. "మరోసారి చెప్పండి."

చెప్పాను.

"ఈ గొంతు నేనెరుగుదును. మా అమ్మ రావాల్సిన ఓడ నాలుగు రోజులు ఆలస్యమని చెప్పింది మీరేనా?"

"నేనే, సాబ్. క్షమించాలి."

"దానికి క్షమించలేను. దీని సంగతి వేరే." కాగితం తిప్పాడు. "కానీ మీరు అబద్ధమైనా చెబుతుండాలి, లేదా లోపలున్నాయనైనా. ఆయన్ని తెచ్చినప్పట్నించీ ఆరుసార్లు అడిగాను. ఆరుసార్లూ ఆ మాటలు నావే అన్నాడు."

ఉద్యోగాన్ని అరచేతిలో పెట్టుకుని త్యాగం చేద్దామని వెళ్లిన నాకు, అది ఎవరి పళ్లెంలో పెట్టాలో తెలియలేదు.

అప్పలరాజును బయటికి తెచ్చారు. నన్ను చూసి సంతోషిస్తాడనుకున్నాను. మొహం గంటు పెట్టుకున్నాడు.

"నువ్వెందుకొచ్చినావు భయ్యా?"

"మైకులో మాట్లాడింది నేనని చెప్పడానికి."

"మాట్లాడింది నువ్వే. మాట ఎవల్ది?"

మళ్లీ తనే అందుకున్నాడు.

"గోడ కట్టాలన్నది ఎవలు? నేను. ఎక్కడన్నాను? మా ఇంట్లో. నువ్వు కూకొని ఇన్నావు. నన్నడక్కుండా మైకులో ఇసిరీసినావు. సరే, అన్నావు, బాగున్నాది. జనం లేచినారు. ఇప్పుడొచ్చి ఆ మాట నాదంటావేటి? కాగితం మీదేమో నా పేరెట్టినావు, మాటకేమో నీ పేరెట్టుకుంటావు. తిరగేసి ఎట్టినావు భయ్యా."

నరసమ్మ వెనకనుంచి, "మెల్లగా మాట్లాడు, స్టేషన్," అంది.

"మెల్లగానే మాటాడుతున్నాను. ఆరుసార్లు మాటాడినాను."

ఆఫీసరుకి తెలుగు రాకపోయినా సారం అర్థమైంది. కుర్చీలో వెనక్కి వాలాడు. "నేను కాదు, నేను కాదు అనేవాళ్లనే చూశాను ఇన్నాళ్లూ. నేనంటే నేనని కొట్టుకునేవాళ్లు ఇదే మొదలు. ఇద్దరూ విడివిడిగా రాసివ్వండి. చదివి చూస్తాను."

నాది నేను రాశాను. మైకులో పలికింది నేనని, అర్జీ మీద అప్పలరాజు పేరు పెట్టించింది నేనని, నేను సర్కారు ఉద్యోగిననీ రాశాను. చివరి వాక్యం ఎవరూ అడగలేదని ఆఫీసరే మెల్లిగా అన్నాడు. అది లేకపోతే మిగతాది నిజం కాదు, ఉంచేశాను. ఆ వాక్యం వల్లే మూడో వారానికి మైకు గది తాళంచెవి అప్పగించాల్సి వచ్చింది. ఉద్యోగం పోయి ఉద్యమం మిగిలింది. మా ఆవిడ మాత్రం ఆ రెండింటికీ తేడా నెలాఖరున తెలుస్తుందని అంది. కొన్నేళ్లపాటు ఆవిడ కుట్టుమిషనే మా ఇల్లు నడిపింది. ఈ పనిలోకి దిగేవాళ్లు ఇది కూడా తెలుసుకుని దిగాలి.

అప్పలరాజుకి హిందీలో సంతకం వచ్చు, తెలుగు రాయడం రాదు. కాగితం నాముందుకి తోశాడు.

"నేను సెప్తాను, నువ్వు రాయి. నీది కలపకు."

రాయడం మొదలెట్టాను. మూడో వాక్యానికే నా చెయ్యి అలవాటు చొప్పున "దోపిడీ" అని రాసేసింది.

"ఏటి రాసినావు? సదువు."

చదివాను.

"దోపిడీ అని నేనన్నానేటి? ఐసు ఇవ్వడు అన్నాను. కొట్టీ."

కొట్టేశాను. చివరికి ఆ కాగితంలో మిగిలింది ఇంతే: మా ఇంట్లో మూడు మిక్సీలున్నాయి. మేం అడిగింది ఐసు. పెట్టె తెచ్చుకోనివాడికి ఐసు ముందు ఇవ్వడు. పెట్టెలు తిరిగి ఇచ్చీడానికి తీసుకెళ్లి ఆయన గుమ్మంలో పెట్టాం. పెట్టాలన్నది నా మాట. ఎవర్నీ కొట్టలేదు. వరసలో ఎవడు ముందొస్తే వాడికి ఐసు ఇస్తే గోడ మేమే తీసేస్తాం.

కానిస్టేబుల్ దాన్ని ఆఫీసరుకి హిందీలో చదివి వినిపించాడు. చదువుతున్నంతసేపూ నావైపు చూడలేదు. అయ్యాక తనే, "సాబ్, నిన్న నా నోటులో గొంతు ఎవరిదో రాయాల్సింది. రాయలేదు," అన్నాడు. ఆఫీసరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. నాది పేజీన్నర, అప్పలరాజుది అరపేజీ. అరపేజీ మీద వేలు పెట్టి, "ఇందులో బెదిరింపు ఏదీ?" అని తనలో తను అనుకున్నాడు. తర్వాత షావుకారును పిలిపించాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. షావుకారు బయటికొస్తూ, "కస్టమర్లు వస్తువు తిరిగిస్తే తీసుకోనన్నానా ఎప్పుడైనా?" అని మమ్మల్నే అడిగాడు. దీపాలు పెట్టేవేళకి అప్పలరాజును, పడవ కాగితాలను వదిలేశారు.

ఐసు కథ అక్కడితో ముగిసిపోలేదు. కొన్నాళ్లు వరస బాగానే సాగింది, తర్వాత మిక్సీల చోట కుక్కర్లు వచ్చాయి. మళ్లీ అర్జీలు, మళ్లీ కేసులు. ఈసారి జతచెయ్యడానికి మా దగ్గర ఆ అరపేజీ ఉంది. తర్వాత ఇరవైయేళ్లలో మాయాబందర్ దాకా తిరిగి ఎంతోమంది మాటలు కాగితం మీద పెట్టాను. ప్రతిసారీ పైకి చదివి వినిపించి, ఏది కొట్టెయ్యమంటే అది కొట్టేశాను. వాటిలో నా మంచి మంచి వాక్యాలు బోలెడు పోయాయి. పర్మిషన్ అర్జీలో మాత్రం ఆ రోజు నుంచి మైకు పట్టుకునే మనిషి పేరే రాశాం. బ్యానరు కూడా మార్చాం, ఇంకో గజం గుడ్డ కొని.

ఆ సాయంత్రం స్టేషన్ గేటు దగ్గర నరసమ్మ కాగితాలు కొంగున ముడేసుకుంది. అప్పలరాజు ఇంకా కోపంగానే ఉన్నాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"తెల్లారగట్ల ఐసుకి లైను కడతాం. నువ్వూ రా భయ్యా. గోడ తియ్యాలి. మైకు తేకు."

వెళ్లాను. ఇంకా వెలుగు రాలేదు. పెట్టెలన్నీ దించి పక్కన పేర్చాం. తలుపు తెరిచారు. లైనులో అప్పలరాజు ఏడోవాడు, నేను అతని వెనకాల. నాకు పడవ లేదు గనక లోపలివాడు, "మీకేం కావాలి సాబ్?" అన్నాడు. నేను ముందున్న అప్పలరాజును చూపించాను. అప్పలరాజు వంతు రాగానే దిమ్మ తీసి గోనెపట్టా మీద పెట్టారు. అటు చివర అతను పట్టుకున్నాడు, ఇటు చివర నేను పట్టుకున్నాను. ఐసు దిమ్మ అంత బరువుంటుందని నాకు తెలియదు. వేళ్లు తిమ్మిరెక్కిపోయాయి. దించేద్దామా అని రెండుసార్లు అడగబోయాను. అతను అడగలేదు, నేనూ అడగలేదు. పడవ దాకా మోశాం.